పొగ ఊరు, పుప్పొడి ఊరు

పొగ ఎక్కువగా ఉన్నచోట దగ్గు ఎక్కువగా ఉండును. దీనికి శాస్త్రజ్ఞుల సాక్ష్య మక్కరలేదు. పచ్చికట్టెలతో పొయ్యి ఊదుకొను ఇల్లాలి నడిగినను చెప్పును. శ్వాసరోగమునకు కారణములను చెప్పుచు చరకుడు ధూళిని, పొగను, గాలిని ముందు వరుసలోనే పేర్కొనెను. అయితే పొగ ఎక్కువగా ఉన్నచోట తుమ్ములును, కండ్ల దురదయు, విడువని జలుబును, ఒక్కమాటలో వైద్యులు అలెర్జీ అని పిలుచు లక్షణము లన్నియు గూడ ఎక్కువగా ఉండునా? ఉండితీరవలెనని ఒకప్పుడు వైద్యలోకములో పెక్కురు నమ్మిరి. ఆ నమ్మకమును పరీక్షించుటకు చరిత్ర అనుకొనని రీతిగా ఒక అవకాశమును కల్పించెను.

1989 నవంబరు 9వ తేదీ రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకొనెను. 1990 అక్టోబరు 3వ తేదీన రెండు జర్మనీలును ఏకమయ్యెను. ఒకే భాష మాటలాడువారు, ఒకే వంశములనుండి వచ్చినవారు, నలువది సంవత్సరములు రెండు వేరువేరు గాలులను పీల్చి, మరల ఒక్క గొడుగు క్రిందికి వచ్చిరి. ఇట్టి ప్రయోగమును ఏ ప్రయోగశాలలోను చేయుటకు వీలులేదు. చేయుటకు ఎవరికిని అధికారమును లేదు. కాని జరిగిపోయినదానిని పరిశీలించుటకు అభ్యంతర మేమున్నది?

తూర్పున లైప్‌జిగ్ నగరమున్నది. సంగీతవేత్త బాఖ్ తన జీవితములోని చివరి 27 సంవత్సరములు గడపిన ఊరది. పుస్తకముల సంతకు శతాబ్దుల తరబడి పేరెన్నికగన్న ఊరు. దాని చుట్టును భూమిలో లిగ్నైట్ అను గోధుమవన్నె నేలబొగ్గు విస్తారముగా దొరకును. ఇది ముదురని బొగ్గు. నీరెక్కువ, వేడి తక్కువ, గంధకము మిక్కుటము. చమురు గాని మేలురకపు బొగ్గు గాని చాలినంత లేని తూర్పు జర్మనీకి ఇదియే దిక్కయ్యెను. విద్యుత్కేంద్రములలో ఇదే, రసాయన కర్మాగారములలో ఇదే, ఇండ్లలో చలి కాచుకొను కుంపటులలోను దీనితో అచ్చుపోసిన బొగ్గు ఇటుకలే. చలికాలమున గాలి కదలని దినములలో ఈ పొగయంతయు ఊరిమీదనే నిలిచిపోయెడిది. గంధకము మండగా పుట్టు సల్ఫర్ డై ఆక్సైడ్ వాయువు గొంతును, శ్వాసనాళములను కోయుచుండెను.

లైప్‌జిగ్‌కు ఉత్తరమున నున్న బిట్టర్‌ఫెల్డ్ స్థితి ఇంకను ఘోరము. అది రసాయన పరిశ్రమల పట్టణము. మోనికా మారోన్ అను రచయిత్రి ఆ ఊరిని ఆధారము చేసికొని ఒక నవల వ్రాసినది. దాని పేరునకు 'ఎగురు బూడిద' అని అర్థము. తూర్పు జర్మనీ ప్రభుత్వము దాని ప్రచురణకు అంగీకరింపలేదు. 1981లో అది పశ్చిమ జర్మనీలో వెలువడెను. మరుసటి సంవత్సరము, అనగా 1982లో, గాలి నీరు మొదలగువాని కాలుష్యమును తెలుపు అంకెలను ప్రభుత్వము రహస్యములుగా నిర్ణయించెను. గాలి చెడినదని ముక్కునకు తెలియుచునే యుండెను. ఎంత చెడినదో కాగితముమీద వ్రాసి చూపుట మాత్రము నిషిద్ధము. ముక్కుమీద ఏ ప్రభుత్వమునకును ఆంక్షలు విధించు శక్తి లేకపోయినది!

పశ్చిమమున మ్యూనిక్ నగరమున్నది. అక్కడ లిగ్నైట్ పొగ లేదు. ఇండ్లలో వెచ్చదనమునకు చమురు, గ్యాసు. వీధులలో మాత్రము మోటారు కార్ల బారులు. సంపన్న నగరము. ఆ నగరపు బాలల వైద్యశాలలో ఎరికా ఫాన్ ముటియుస్ అను వైద్యురాలు, ఆమె సహచరులు, అప్పటికే పాఠశాలల పిల్లలలో ఉబ్బసమును, అలెర్జీని గూర్చి లెక్కలు సేకరించుచుండిరి. గోడ కూలగనే అవే ప్రశ్నలతో, అవే పరీక్షలతో లైప్‌జిగ్ పిల్లలను గూడ పరిశీలించుట సాధ్యమయ్యెను. ఈ పిల్లలు 9 మొదలు 11 ఏండ్లవారు; కౌమారము వాకిట నిలిచినవారు. తూర్పు పిల్లలలో అన్ని శ్వాసరోగములును అధికముగా కనిపించునని ఎదురుచూచుటలో తప్పేమియు లేదు.

ఫలితములు 1992లో వెలువడెను. శ్వాసనాళముల వాపు, మన ఇండ్లలో రొమ్ముపడిశ మనునది, మ్యూనిక్ పిల్లలలో నూటికి 15.9 మందికి వచ్చియుండగా లైప్‌జిగ్‌లో నూటికి 30.9 మందికి వచ్చియుండెను. దాదాపు రెట్టింపు. ఇంతవరకు అనుకొన్నట్లే ఉన్నది. కాని పుప్పొడివలన కలుగు జలుబు, ఇంగ్లీషువారు ఎండుగడ్డి జ్వర మని పేరు పెట్టినది, మ్యూనిక్‌లో నూటికి 8.6 మందికి ఉండగా లైప్‌జిగ్‌లో 2.4 మందికి మాత్రమే ఉండెను. ఉబ్బసములో చెప్పుకొనదగిన భేదము లేదు. ఇది తలిదండ్రులు చెప్పిన సమాధానములలోని పొరపాటేమో యని శంకించుటకును వీలులేకపోయెను. చర్మముపై పుప్పొడి, ధూళి మొదలగువాని సారము నొక చుక్క వేసి సూదితో గీరి చూచు పరీక్షలో, తూర్పు నగరముల పిల్లలలో నూటికి 18.2 మంది చర్మము మాత్రమే దద్దురు తేరెను, పశ్చిమమున 36.7 మందికి. తూర్పు ముక్కు అబద్ధమాడినను తూర్పు చర్మము అబద్ధమాడదు గదా!

ఈ వార్త వినినవారిలో కొందరు పొగ మనుష్యులకు మేలు చేయునేమో యని పరిహాసమాడియుందురు. పరిహాసమైనను అది ప్రమాదకరమైన పరిహాసము. పొగగొట్టముల యజమాను లెవరైనను దానిని నిజమని చాటుకొనవచ్చును. కాని అంకెలు చెప్పినది అది కాదు. దగ్గును కలిగించు పొగ వేరు, తుమ్మును కలిగించు శరీరతత్త్వము వేరు అని మాత్రమే అవి చెప్పినవి. ఈ రెంటిని ఒకే గాటను కట్టుట వైద్యశాస్త్రము చేసిన పొరపాటు.

నిజమునకు ఈ విరోధాభాసము కొత్తది కాదు. ఎండుగడ్డి జ్వరమును మొదట వైద్యభాషలో వర్ణించినవాడు జాన్ బోస్టాక్ అను ఆంగ్లవైద్యుడు. 1819లో అతడు వర్ణించిన రోగి మరెవ్వరును కాదు, అతడే. తరువాత 1873లో మాంచెస్టరునకు చెందిన చార్లెస్ బ్లాక్లీ ఆ జ్వరమునకు మూలము గడ్డి పుప్పొడి యని తన ముక్కుమీదనే ప్రయోగములు చేసికొని నిరూపించెను. ఆకాశములో పుప్పొడి ఎంత ఎత్తున తిరుగుచున్నదో తెలిసికొనుటకు జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి ఎగురవేసెను. ఇట్టి ఉపాధ్యాయుడు దొరకిన పిల్లల భాగ్యమే భాగ్యము! ఆ బ్లాక్లీయే ఒక వింతను గమనించెను. పుప్పొడిలో మునిగితేలు రైతులకు ఈ జబ్బు అరుదు. పట్టణములలో నుండు చదువుకొన్నవారికి మెండు. కారణము మాత్రము ఒక శతాబ్దమునకు పైగా చిక్కుముడిగానే ఉండిపోయెను.

ఆ ముడి ఎట్లు పడినదో తెలియవలె నన్న శరీరములో జరుగు వ్యవహారమును కొంత తెలిసికొనవలెను. అలెర్జీ అను పదమును 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. బయటి వస్తువు ఒకటి తగిలినపుడు శరీరము మారిన రీతిగా స్పందించుట అని అతని భావము. ఇది రెండంచెలలో జరుగును. మొదటిసారి పుప్పొడి తగిలినపుడు బయటి కేమియు కనిపింపదు. లోపల మాత్రము శరీరము దానిని శత్రువుగా భ్రమించి, దానికొరకే ఒక ప్రతిరక్షకమును తయారుచేయును. ఈ ప్రతిరక్షకపు తెగను 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో పనిచేయుచుండిన జపాను దంపతులు కిమిషిగె, తెరుకో ఇషిజాకాలును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిచ్ అను వారును వేరువేరుగా గుర్తించిరి. దీనికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అని పేరు. ఇది పోయి ముక్కులోను, శ్వాసనాళములలోను ఉండు మాస్ట్ కణములపై కూర్చుండును. రెండవసారి అదే పుప్పొడి రాగానే ఆ కణములు పగిలినట్లై హిస్టమిన్ మున్నగు పదార్థములను వెదజల్లును. తుమ్ములు, దురద, నీరు కారుట అన్నియు దాని ఫలితములే. ఈ కణములకు 1878లో పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిహ్. అవి మెక్కి బలిసిన కణములని అతడు పొరబడి ఆ పేరు పెట్టెను. ఎర్లిహ్ తన సిద్ధాంతవ్యాసమును సమర్పించినది లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునకే యగుట ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది.

కావున అలెర్జీ అనునది ఊపిరితిత్తుల బలహీనత కాదు. శరీరరక్షక వ్యవస్థ చేసిన తప్పు తీర్పు. ఆ వ్యవస్థకు శైశవమున సరియైన శిక్షణ దొరకినచో తప్పు తీర్పులు తగ్గునేమో! 1989లో డేవిడ్ స్ట్రాఖన్ అను బ్రిటిష్ పరిశోధకుడు ఇట్టి ఊహనే ముందుంచెను. 1958 మార్చిలో ఒకే వారమున పుట్టిన 17,414 మంది బ్రిటిషు శిశువులను 23 ఏండ్లు గమనించిన లెక్కలను అతడు పరిశీలించెను. ఇంటిలో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఎందరు ఎక్కువగా ఉందురో ఎండుగడ్డి జ్వరము అంత తక్కువగా కనిపించెను. ముఖ్యముగా అన్నలు, అక్కలు కలవారికి. పెద్దపిల్లలు ఇంటికి మోసికొనివచ్చు చిన్న చిన్న అంటుజబ్బులే చిన్నపిల్లలకు రక్షణ యగునేమో యని అతడు తలపోసెను. తూర్పు జర్మనీలో తల్లులు ఉద్యోగములు చేయుచుండుటచే శిశువులు పసితనముననే శిశుసదనములకు పోయి పదిమందితో కలిసి పెరుగుచుండిరి. ఆ పొగ ఊరి పిల్లలను అలెర్జీనుండి కాపాడినది పొగ కాదు. ఆ తోటిపిల్లల ముక్కులే కావచ్చును. ఆల్ప్స్ పర్వతప్రాంతములలో పశువుల కొట్టములమధ్య పెరిగిన రైతుబిడ్డలకు అలెర్జీ తక్కువ యని తరువాతి పరిశోధనలు చూపుట ఈ ఊహకు బలము చేకూర్చినది. బ్లాక్లీ కాలపు రైతులకును ఇదే సమాధానము.

ఇక, గాలి ఈ వ్యవహారములో నిర్దోషియా? కాదు. ఇచ్చట పొగలలో భేదమును గుర్తింపవలెను. 1952 డిసెంబరులో లండన్ నగరమును కమ్మి నాలుగువేల మందికి పైగా ప్రాణములు తీసినది బొగ్గు పొగ. అందు గంధకము, మసి ప్రధానములు. లాస్ ఏంజలీస్ నగరముపై ఎండకాలమున పరచుకొనునది మోటారుబండ్ల పొగ. అందు నైట్రోజన్ ఆక్సైడ్లును, ఎండవేడిమిలో వానినుండి పుట్టు ఓజోనును, మిక్కిలి సన్నని రేణువులును ప్రధానములు. లైప్‌జిగ్‌ది లండన్ తెగ. మ్యూనిక్‌లోనిది, తక్కువ పాళ్ళలోనైనను, లాస్ ఏంజలీస్ తెగ. రెంటిని కాలుష్యమను ఒక్క మాటతో కట్టివేయుటచే ఎంతో కాలము విషయము తేటపడలేదు.

జపానులో నిక్కో పట్టణమునకు పోవు బాటలకు ఇరువైపుల పదునేడవ శతాబ్దమున నాటిన దేవదారుజాతి వృక్షముల వరుసలు మైళ్ళకొలది ఉన్నవి. వసంతమున ఆ చెట్ల పుప్పొడి జపానువారిలో పెక్కుమందికి కన్నీరు పెట్టించును. 1987లో ఇషిజాకి యను పరిశోధకుడును, అతని సహచరులును ఒక చిత్రమును ప్రకటించిరి. లోపలి దేవదారు అడవులలో, బండ్ల రాకపోకలు లేనిచోట, పుప్పొడికి కొదువ లేకున్నను ఆ జబ్బు తక్కువ. అదే వృక్షములు బండ్లు కిక్కిరిసి నడచు బాటల ప్రక్కన ఉన్నచోట జబ్బు రెట్టింపునకు మించి యుండెను. చెట్టు ఒక్కటే, పుప్పొడి ఒక్కటే. తోడు వచ్చిన పొగ తేడా.

పొగ పుప్పొడికి ఎట్లు తోడ్పడును? లాస్ ఏంజలీస్‌లో డియాజ్-సాంచెజ్, సాక్సన్ అను శాస్త్రజ్ఞులు 1990ల చివర దీనిని మనుష్యుల ముక్కులలోనే పరీక్షించిరి. అలెర్జీ తత్త్వము గల మనుష్యులను ఎన్నుకొని, వారి శరీరములు మునుపెన్నడును ఎరుగని ఒక సముద్రపు నత్త రక్తములోని ప్రోటీనును వారి ముక్కులలో వేసిరి. దానిని మాత్రమే పుచ్చుకొన్న 10 మందిలో ఒక్కరికిని అలెర్జీ ప్రతిరక్షకము పుట్టలేదు. డీజెల్ పొగ రేణువులతో పాటు పుచ్చుకొన్న 15 మందిలో 9 మందికి పుట్టెను. అనగా డీజెల్ మసి తాను శత్రువు కాకపోయినను, అమాయకుడైన అతిథిని శత్రువని చాడీలు చెప్పి గృహస్థును రెచ్చగొట్టు మధ్యవర్తివంటి దన్నమాట. మన పురాణములలో నారదుడైనను లోకకల్యాణమునకై కలహము పెట్టెను. ఈ మధ్యవర్తికి అట్టి సదుద్దేశ మేమియు లేదు.

ఇప్పుడు మరల లైప్‌జిగ్‌కు పోవుదము. ఏకీకరణము తరువాత కర్మాగారము లనేకము మూతబడెను. కుంపటులకు బదులు గ్యాసు వచ్చెను. గంధకపు గాలి అతిశీఘ్రముగా తగ్గిపోయెను. వీధులలో పశ్చిమదేశపు కార్లు నిండెను. 1995-96లో అదే వయస్సు పిల్లలను మరల పరీక్షింపగా, ఎండుగడ్డి జ్వరము నూటికి 2.3 నుండి 5.1కి పెరిగియుండెను. చర్మపరీక్షలో దద్దురు తేరినవారు 19.3 నుండి 26.7కి పెరిగిరి. నాలుగేండ్లలో ఇంత మార్పు! ఈ పిల్లలు ఏకీకరణము నాటికి మూడేండ్లు నిండినవారే. అలెర్జీ జాతకము శైశవముననే వ్రాయబడిపోవుననుకొన్నవారికి ఇది రెండవ ఆశ్చర్యము. ఆ తరువాతి బాల్యములోను ఆ వ్రాత మారుచుండును. దీనికి కార్లు ఎంత కారణమో, మారిన ఇండ్లు, తిండి, చిన్న కుటుంబములు ఎంత కారణమో విడదీసి చెప్పుట కష్టము. ఒక్క కారణమునే పట్టుకొని వ్రేలాడుట కన్న, కొన్ని కలిసి పనిచేసినవనుట సమంజసముగా తోచుచున్నది.

అదే కాలమున బిట్టర్‌ఫెల్డ్ మొదలగు మూడు ప్రాంతములలో యోఆఖీం హైన్రిహ్, ఆయన సహచరులు 1992 మొదలు 1999 వరకు మూడు పర్యాయములు పాఠశాలల పిల్లలను పరీక్షించిరి. గాలిలో ధూళియు, గంధకపు వాయువును తగ్గినకొలది రొమ్ముపడిశము తగ్గెను. 11 మొదలు 14 ఏండ్ల పిల్లల ఊపిరితిత్తుల శక్తి హెచ్చెను. కొన్ని సంవత్సరముల శుభ్రమైన గాలి చేసిన మేలు ఇది. పొగను గూర్చి పరిహాసమాడినవారికి ఈ పిల్లల శ్వాసయే సమాధానము చెప్పినది.

ఈ సమస్యను లోకమంతట పరిశీలించుటకు ఒక మహాప్రయత్నము 1990లలో జరిగెను. 56 దేశములలో 155 కేంద్రములందు 13, 14 ఏండ్ల బాలబాలికలను, నాలుగున్నర లక్షలకు పైబడినవారిని, ఒకే ప్రశ్నపత్రముతో విచారించిరి. తరగతి గదులే పరిశోధనాలయములు, ఉపాధ్యాయులే సహాయకులు. 1998లో ఫలితములు వెలువడెను. ఉబ్బసలక్షణము లెక్కువగా కనిపించినవి బ్రిటను, న్యూజీలాండు, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశములు. సముద్రపుగాలి వీచు శుభ్రదేశములు. తక్కువగా కనిపించిన వానిలో తూర్పు ఐరోపా దేశములు కొన్ని, చైనా, ఇండోనేషియా, మన భారతదేశము గలవు. మన గాలి వారి గాలికన్న శుభ్రమైనదని ఎవ్వరును అనజాలరు. లైప్‌జిగ్ చెప్పిన కథనే ప్రపంచపటము గూడ చెప్పినది. తరువాత ఐరోపాలో పుట్టుకనుండి పదియేండ్ల వయస్సువరకు గమనించిన ఐదు శిశుసమూహముల లెక్కలను 2014లో కలిపి చూచినపుడును, నివాసస్థలపు గాలి కాలుష్యమునకును అలెర్జీ ప్రతిరక్షకములకును స్పష్టమైన సంబంధము దొరకలేదు. ప్రయోగశాలలో అంత నిస్సందేహముగా కనిపించిన డీజెల్ ప్రభావము జనసమూహములో అంత తేటగా కనిపింపకపోవుట ఈ శాస్త్రములో నేటికిని తీరని చిక్కు.

చిక్కు లేనిది ఊపిరితిత్తుల విషయము. కౌమారమున శరీరము ఎదుగునట్లే ఊపిరితిత్తులును ఎదుగును. బాలికలకు ఇంచుమించు 18 ఏండ్లవరకును, బాలురకు ఇంకను కొంతకాలమును ఈ ఎదుగుదల సాగును. ఆ పిమ్మట ఎవరు ఎంత కూడబెట్టుకొనిరో అంతే. ముదిమిలో ఖర్చు చేయవలసినది ఆ మూలధనమునే. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 12 ఊళ్ళలో పదియేండ్ల పిల్లలను 1993లో చేర్చుకొని 18 ఏండ్లు వచ్చువరకు ఏటేట ఊపిరి కొలిచిరి. 1,759 మంది పిల్లలు. సన్నని రేణువులు అత్యధికముగా ఉన్న ఊరిలో, ఊపిరితిత్తుల శక్తి ఉండవలసిన దానిలో 80 శాతమునకు లోపడినవారు శుభ్రమైన ఊరికన్న ఇంచుమించు 5 రెట్లు ఉండిరి. ఆ సమూహములోనే ఇంకొక సంగతి తేలినది. ఓజోను ఎక్కువగానున్న ఊళ్ళలో మూడు గాని అంతకు మించి గాని ఆటలలో పాల్గొను పిల్లలకు కొత్తగా ఉబ్బసము వచ్చు అవకాశము ఆటలాడని పిల్లలకన్న 3.3 రెట్లుగా కనబడెను. ఓజోను తక్కువగా ఉన్న ఊళ్ళలో ఆటలవలన అట్టి కీడు లేదు. తప్పు ఆటలది కాదు. పరుగెత్తువాడు కూర్చున్నవానికన్న ఎన్నో రెట్లు గాలిని లోపలికి తీసికొనును. ఆ గాలిలో ఏమున్నదో దానినే తీసికొనును. ఎండకాలపు మధ్యాహ్నములలో, ఓజోను హెచ్చుగా ఉండు వేళ, వ్యాయామపు గంట పెట్టు పాఠశాలలు దీనిని గమనింపవలెను.

కాలిఫోర్నియా కథ అచ్చట ఆగలేదు. ప్రభుత్వము బండ్లపై, కర్మాగారములపై కఠిననియమములు విధించినది. గాలి క్రమముగా బాగుపడినది. అవే ఐదు ఊళ్ళలో 1994-98లో, 1997-2001లో, 2007-11లో మూడు తరముల పిల్లలను పోల్చి చూచిరి. 15 ఏండ్ల వయస్సులో ఊపిరితిత్తుల శక్తి బాగుగా తక్కువగా ఉన్నవారు మొదటి తరమున నూటికి 7.9, రెండవ తరమున 6.3, మూడవ తరమున 3.6. ఈ మూడంకెలను ఏ పాఠశాల గోడమీదనైనను వ్రాసిపెట్టుకొనవచ్చును.

మన దేశపు గాలిలో రెండు తెగల పొగలును ఏకకాలమున కలిసియున్నవి. పల్లె పొయ్యిలో పిడకలు, కట్టెలు. పొలములో కోత పిమ్మట తగులబెట్టు మోళ్ళు. బాటమీద డీజెల్ లారీ. అనగా లైప్‌జిగ్, మ్యూనిక్ ఒకే వీధిలో కాపురమున్నవి. కుటుంబములు చిన్నవగుచున్నవి; పశువుల కొట్టములు ఇండ్లకు దూరమగుచున్నవి. అలెర్జీని ఇంతకాలము అడ్డుకొన్న కట్టలు తెగుచుండగా, దానిని రెచ్చగొట్టు పొగ పెరుగుచున్నది. రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువులు, తలవెండ్రుక మందములో ఇంచుమించు ముప్పదియవ వంతుకు మించనివి, ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చెప్పెను. మన దేశము 2009లో విధించుకొన్న హద్దు 40.

తెలుగునాట ఈ విచారణ తరచుగా చెట్టుదగ్గరనే ఆగిపోవుచున్నది. 2014లో హుద్‌హుద్ తుఫాను పిమ్మట విశాఖపట్టణములో విరివిగా నాటిన ఏడాకులపాల చెట్లు శరత్తులో పూచినపుడు, ఆ ఘాటునకు ఊపిరాడుట లేదని జనులు మొరపెట్టుకొనిరి. వారి బాధ నిజమే. పుప్పొడిని ఎరిగి చెట్లను ఎన్నుకొనుట వివేకమే. బీడులలో, పాఠశాలల ఆవరణలలో గూడ అల్లుకొనిపోవు వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని, పెరికివేయుట మంచిదే. కాని నిక్కో బాటప్రక్కన జపానువారు చూచినది మరువరాదు. చెట్టును నరకుట సులభము; చెట్టుప్రక్కన ఆగియున్న లారీమీద ఎవ్వరును గొడ్డలి ఎత్తరు.

ఈ సంగతులన్నియు తరగతి గదిలోనికి ఒక చిన్న రూపములో వచ్చును. తలవంచుకొని చేతిగుడ్డతో ముక్కు తుడుచుకొనుచు, బోర్డువైపు ఎర్రబడిన కండ్లతో చూచు బాలుడొకడు ప్రతి తరగతిలోను ఉండును. వానిని పెద్దరోగి యని ఎవ్వరును అనుకొనరు, వాడును చెప్పుకొనడు. బ్రిటనులో 15 మొదలు 17 ఏండ్ల విద్యార్థులను 1,834 మందిని పరిశీలించి 2007లో ప్రకటించిన లెక్కలో, పరీక్షాదినములలో ఈ జలుబుతో బాధపడినవారు, చలికాలపు నమూనా పరీక్షలో తెచ్చుకొన్న శ్రేణికన్న వేసవిలో అసలు పరీక్షలో క్రిందికి జారుట ఇతరులకన్న 40 శాతము హెచ్చుగా నుండెను. నిద్రమత్తు కలిగించు పాతరకపు తుమ్ముమందులు వేసికొన్నవారిలో అది 70 శాతము. మత్తు అంతగా కలిగింపని మందులు నేడు మన ఊళ్ళలోను దొరకుచున్నవి. వైద్యుని అడిగినచో వ్రాసియిచ్చును. ఆ బాలునికి కిటికీకి, బాటకు దూరముగా ఒక చోటు చూపి, పరీక్షలకు రెండు నెలలు ముందుగానే వైద్యునివద్దకు పంపుడని తలిదండ్రులకు ఒక చీటీ వ్రాయుట ఉపాధ్యాయుని చేతిలోని పని.